స్విచ్ ఆపాక

ఒక చెట్టు ఆకుల్లో ఏ రెండూ అచ్చం ఒకలా ఉండవంటారు. కవలపిల్లల్ని కూడా తల్లి చీకట్లో తడిమి పోల్చుకుంటుంది. దేవుడు చేసిన ప్రతిదానికీ తనదైన తేడా ఒకటి పెట్టాడని నమ్మి, రోజూ దీపం వెలిగించి దండం పెట్టుకునేవాణ్ణి నేను. అయితే బడిలో సైన్సు మాస్టారు నల్లబల్ల మీద గుండ్రాలు గీసి, మధ్యలో ఉన్నది కేంద్రకం, చుట్టూ ఉండేవి ఎలక్ట్రాన్లు, బంగారంలోవైనా బొగ్గులోవైనా లోకంలో ఎలక్ట్రాన్లన్నీ ఒకటే, ఇసుమంత కూడా తేడా ఉండదు అని చెప్పిన రోజు నుంచి నాకో అనుమానం పట్టుకుంది. ఆకు మీద అంత శ్రద్ధ పెట్టినవాడు వీటి దగ్గరికి వచ్చేసరికి ఒకే అచ్చు ఎందుకు వాడాడు? మాస్టారిని అడిగితే అది పరీక్షలో రాదు, బొమ్మ వేసుకో అన్నారు. వేసుకున్నాను. చదువు అక్కడితో ఆగింది కానీ అనుమానం ఆగలేదు.

బతుకుతెరువుకి మోటార్లు చుట్టే పనిలో చేరాను. కాలిపోయిన మోటారు వస్తే పాత తీగ పీకి, గాడుల్లో కాగితం పరిచి, కొత్త రాగి తీగ చుట్టి, వార్నిష్ పోసి ఆరబెడతాం. ఆ తీగలో నడిచేవి ఎలక్ట్రాన్లేనని తెలుసు. అంతకు మించి తెలియదు. చేపలమ్మేవాడికి సముద్రం ఎంత తెలుసో నాకూ కరెంటు అంతే తెలుసు.

పనిలో మా గురువు మొట్టమొదట నేర్పింది పెడచెయ్యి. దేంట్లోనైనా కరెంటు ఉందేమోనని అనుమానం వస్తే అరచేత్తో ముట్టుకోకూడదు. అరచెయ్యికి కొట్టిందంటే వేళ్ళు బిగుసుకుని దాన్నే పట్టుకుంటాయి. చేతి వెనకవైపు, మెటికలతో తాకితే, కొట్టినా చెయ్యి విసిరికొట్టినట్టు వెనక్కి వస్తుంది. ఇది కొన్నాళ్ళకి ఒంటి అలవాటైపోతుంది. ఇంట్లో గిన్నె వేడిగా ఉందేమో చూడాలన్నా నా చెయ్యి తిరగబడే వెళుతుంది. మా ఆవిడ దాన్ని చూసి, మీ చెయ్యికి మర్యాద తెలీదండీ, అందరికీ వీపు చూపిస్తుంది అనేది.

ఆవిడకి నేనొక బాకీ ఉన్నాను. పెళ్ళయిన కొత్తలో అద్దెకి తీసుకున్న ఒంటి గదిలో నేనే తీగ లాగి బల్బు పెట్టాను. స్విచ్ వేసి గొప్పగా ఆవిడ మొహం చూశాను. ఆవిడ బల్బు వంక చూసి, స్విచ్ ఆపమంది. ఆపాను.

"వేస్తే వచ్చింది, బాగానే ఉంది. ఆపాక ఎక్కడికి పోయింది?" అని అడిగింది.

కనుక్కుని చెబుతానన్నాను. నిజంగానే కనుక్కుందామనుకున్నాను. తర్వాత పిల్ల పుట్టింది, షాపు పెట్టాను, నెత్తిన జుట్టు పలచబడింది. నేను ఏ విషయంలో గొప్పలకి పోయినా ఆవిడ ఒకటే మాట: ముందు నా బాకీ తీర్చండి, తర్వాత చెబుదురుగాని. మా అమ్మాయి చిన్నప్పుడు అది డబ్బు బాకీ అనుకుని, తన ముంత తెచ్చి నాకివ్వబోయింది కూడా.

ఇదంతా ఇప్పుడెందుకు చెబుతున్నానంటే, నవ్వులాటకి మిగిలిపోయిన ఆ ప్రశ్న ఈమధ్య మా ఇంట్లో ప్రాణం మీదికి వచ్చింది.

ఆవిడకి చెవి వెనక చిన్న పుండు లేచింది. ఆరదు, మానదు. కళ్ళజోడు కాడ ఒరుసుకుందిలే అనుకున్నాం. చివరికి కోసి తీసి పరీక్షకి పంపితే మంచిది కాదని తేలింది. కోసిన చోట జబ్బు వేళ్ళు మిగిలి ఉండొచ్చు, ఎముక దగ్గరగా ఉంది కాబట్టి ఇంకా కోయలేం, కొన్ని వారాలు మెషీన్ కింద పెట్టాలి, మధ్యలో మానకూడదు అన్నారు పెద్ద డాక్టరుగారు. ఏ మెషీన్ అంటే ఎలక్ట్రాన్లు పంపేదన్నారు. ఆ పేరు వినగానే నాకు నల్లబల్ల గుర్తొచ్చింది.

ఆ గది తలుపు బ్యాంకు ఖజానా తలుపంత మందం. లోపల ఎత్తయిన బల్ల. దాని మీద ఆవిణ్ణి ఒక పక్కకి పడుకోబెట్టి, చెవి చుట్టూ గీతలు గీసి, పుండు ఆకారానికి కన్నం ఉన్న లోహపు అచ్చుని పైనున్న గొట్టానికి అమర్చి, మెషీన్ చూసుకునే అమ్మాయి "కదలకండి అత్తా, ఇప్పుడే వస్తా" అని బయటికి వచ్చి తలుపు మూసింది. గాజు తెర మీద చూస్తే అంత పెద్ద గదిలో మా ఆవిడ ఒక్కతే, ఎవరో మరిచిపోయి వెళ్ళిన మూటలా ఉంది. గుయ్యిమని కాసేపు చప్పుడు. అంతే, అయిపోయింది. తలుపు తెరిచారు. ఎత్తు బల్ల కదా, దిగడానికి నేను చెయ్యి ఆసరా ఇచ్చాను.

ఇంటికి రాగానే తన కంచం, గ్లాసు వేరే పెట్టుకుంది. గ్లాసు చుట్టూ గుర్తుగా ఎర్ర దారం కట్టింది. చాప తెచ్చి వసారాలో పరుచుకుంది.

ఇందులో కొంత మా అక్క పుణ్యం. అక్కకి మెడలో గ్రంథి జబ్బు చేసినప్పుడు ఏదో మందు మింగించి, కొన్నాళ్ళు పిల్లల్ని దగ్గరికి రానివ్వొద్దు, కంచం వేరే పెట్టుకో అని డాక్టర్లే చెప్పారు. అప్పుడు అక్క గుమ్మం దగ్గర కంచం పెట్టి వచ్చింది మా ఆవిడే. ఇప్పుడు అక్క చూడటానికి వచ్చి, "నాకంటే నీకే ఎక్కువ పెడుతున్నారు మరదలా, నాది మాత్ర, నీది మెషీను" అంది. ఓదార్పు అనుకునే అంది పాపం.

అప్పటికి మా అమ్మాయి బిడ్డని తీసుకుని మా ఇంట్లోనే ఉంది. మనవరాలికి మేం పెట్టుకున్న ముద్దుపేరు బుడంకాయ. ఇంకా నిలబడటం రాదు, పాకుతుంది. వసారా గడప దగ్గరికి పాక్కుంటూ వచ్చి రెండు చేతులూ చాచేది. మా ఆవిడ చేతులు వెనక్కి కట్టుకుని, దూరం నుంచే పాటలు పాడేది, కళ్ళు తిప్పేది, నాలుక బయట పెట్టేది. పిల్ల నవ్వి నవ్వి, ఎత్తుకోవడం లేదని చివరికి ఏడ్చేది. అప్పుడు అమ్మాయి వచ్చి పిల్లని తీసుకెళ్ళేది.

వేరే కూర్చోమని ఇంట్లో ఎవరూ చెప్పలేదు. వద్దని కూడా ఎవరూ చెప్పలేదు. అమ్మాయి ఉయ్యాలని వసారా వైపు గోడ దగ్గర్నుంచి అవతలి గోడకి మార్చింది. గాలి బాగా వస్తుందని అంది. నేనూ అవునన్నాను. దేవుడి ముందు కూర్చున్నప్పుడు ఆ అవునే గుర్తొచ్చేది.

అమ్మాయి సెలవు అయిపోవచ్చింది. తిరిగి పనిలో చేరితే పగలంతా పిల్లని అమ్మమ్మే చూసుకోవాలి. ముందు నుంచీ అనుకున్న మాటే అది. ఒకరోజు అన్నం దగ్గర మా ఆవిడ వసారాలోంచే, రేపటి నుంచి ఆసుపత్రికి రానంది. ఇప్పటిదాకా పెట్టింది చాలు, పుండు ఎండింది, ఇక ఒంట్లో ఉన్నది పోవడానికి కొన్ని రోజులు పడుతుంది కదా, ఆ తర్వాత పిల్లని ఎత్తుకుంటానంది. నేను బతిమాలాను, తర్వాత కసిరాను. మధ్యలో మానితే వేళ్ళు ఎముకలోకి దిగుతాయని డాక్టరు చెప్పలేదా అన్నాను.

"దిగితే నాకు దిగుతాయి. ఒళ్ళంతా అదేదో నింపుకుని పసిదాన్ని ఎలా ఎత్తుకోమంటారు?"

"మెషీన్ ఆపేశాక ఇంకేం ఉంటుందే?"

"అలాగా. ఫ్యాన్ ఆపాక కండెన్సర్ మిమ్మల్ని కొట్టలేదూ? స్టూల్ మీంచి పడితే నడుముకి కాపడం పెట్టింది నేనేగా. ఆపాక ఎక్కడికి పోతుందో మీకే తెలీదు. తెలిస్తే ఈపాటికి చెప్పేవారు."

కండెన్సరంటే ఫ్యాను తిరగడానికి పెట్టే చిన్న డబ్బా. కరెంటు ఆపినా కొంత దాచుకుంటుంది. తెలియక ముట్టుకుంటే కొడుతుంది. మోటార్లు చుట్టేవాడి పెళ్ళాం కాకపోతే ఆవిడకి ఈ భయం వచ్చేదే కాదు.

మర్నాడు ఆవిడ కదల్లేదు. రావడం లేదని చెప్పడానికి నేనొక్కణ్ణే వెళ్ళాను. మెషీన్ అమ్మాయి నా వెనక ఎవరూ లేకపోవడం చూసి, ఏమీ అడక్కుండా పక్క గదిలో ఉన్న లెక్కలాయన దగ్గరికి పంపింది. ఎవరికి ఎంత లోతుకి ఎన్ని పంపాలో లెక్క వేసేది ఆయనే. వయసులో చిన్నవాడు, కళ్ళద్దాలు. వేడినీళ్ళకే కరిగే లోహాన్ని అచ్చుల్లో పోస్తున్నాడు. గోడవారన రోగుల అచ్చులు వరుసగా ఉన్నాయి. ఒకటి చింతగింజలా ఉంది, ఒకటి చిరిగిన ఆకులా. ఏ రెండూ ఒకలా లేవు. మా ఆవిడది కూడా వాటిలో ఉంది, వాలిన రెప్పలా. ఆవిడ ఇక రానంటోందని చెప్పాను.

"ఆపేస్తానన్నారా? నొప్పిగా ఉందా బాబాయ్?"

"నొప్పి కాదు బాబూ. లోపలికి పంపినవి బయటికి ఎటు పోతాయో చెప్పమంటోంది."

ఆయన నవ్వలేదు. గరిటె కింద పెట్టి, స్టూల్ నా వైపు జరిపాడు. చాలాసేపు చెప్పాడు. నాకు అర్థమైనంతే చెబుతాను. ఎలక్ట్రాన్లని మెషీన్ ఎక్కడా పుట్టించదట. లోపల ఒక తీగని ఎర్రగా కాలిస్తే అందులో ఉన్నవే ఊడి వస్తాయి, వాటిని తరుముతుంది. అవి విపరీతమైన వేగంతో చర్మంలోకి దూరి, దారిలో ఉన్నవాటిని ఢీకొట్టుకుంటూ, వేలెడు లోతు పోయేలోపే అలిసి ఆగిపోతాయి. ఆ దెబ్బలకే పుండు వేళ్ళు చస్తాయి. దెబ్బ మిగులుతుంది, కొట్టినవి కొట్టినట్టుగా మిగలవు. ఆగిన తర్వాత అవి మన ఒంట్లో పుట్టినప్పటి నుంచి ఉన్న కోటానుకోట్ల ఎలక్ట్రాన్లలో కలిసిపోతాయి. ఏది వచ్చింది, ఏది ముందు నుంచీ ఉంది అని ఎవరూ చెప్పలేరు. గుర్తు పెట్టడానికి తేడా అంటూ ఉంటే కదా.

కండెన్సర్ సంగతి అడిగాను. ఈసారి నవ్వాడు, కానీ వెక్కిరింపు కాదు. కండెన్సర్లో రెండు రేకుల మధ్య అడ్డం పెట్టి పోనివ్వకుండా ఆపుతారు, అందుకే దాచుకుంటుంది, మనిషి ఒళ్ళు ఉప్పునీళ్ళు, అక్కడ అడ్డమేముంది అన్నాడు. పైగా ఒకసారికి పంపేది దువ్వెనతో తల దువ్వుకుంటే అంటుకునేపాటి కరెంటేనట. మరి ఆ తలుపెందుకంటే, మెషీన్ నడుస్తున్నంతసేపూ కిరణాలు చెదురుతాయి, పగలంతా అక్కడే పనిచేసే అమ్మాయికి అవి తగలకూడదని. ఆపగానే ఏమీ ఉండదు. మా అక్క సంగతి వేరు. ఆమె మింగింది నిప్పుకణిక లాంటిది, ఆరేదాకా తనంతట తానే రగులుతుంది. మా ఆవిడ మీద పడింది దీపపు వెలుగు లాంటిది. దీపం ఆర్పాక వెలుగుని గదిలో వెతుక్కుంటామా?

"మా మెషీన్ అమ్మాయి మీ ఆవిణ్ణి చేతికి తొడుగు లేకుండానే కదా సర్ది పడుకోబెట్టేది? చూశారా?"

చూశాను. చూసి కూడా ఆలోచించలేదు.

లేచి వస్తూ, ఉండబట్టలేక నా పాత అనుమానం కూడా అడిగేశాను. ఎలక్ట్రాన్లన్నీ ఒకటే ఎందుకయ్యాయి బాబూ అని. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఒకే చెరువు మీద లేచే అలల్లాంటివని మా పుస్తకాల్లో అనుకుంటాం, నీళ్ళు ఒకటే కాబట్టి అలలూ ఒకటే, కానీ ఆ చెరువెందుకు ఉందంటే నాకూ తెలీదన్నాడు. కేంద్రకంలో ఉన్న ప్రోటాన్లని పగలగొట్టి చూస్తే లోపల ఇంకా చిన్నవి కనబడ్డాయట. ఎలక్ట్రాన్ లోపల ఏముందో చూడబోతే ఇప్పటివరకూ ఏమీ కనబడలేదట. తనంతట తాను చావడం కూడా ఇంతవరకు ఎవరూ చూడలేదట.

"పగలదు, చావదు. అయితే ఆత్మ గురించి చెప్పినట్టే ఉందే" అన్నాను.

"అంత దూరం నన్ను లాగకండి బాబాయ్, నాకు జీతమిచ్చేది వేలెడు లోతుకే" అన్నాడు.

దారిలో మనసు తేలికవుతుందనుకున్నాను. అవలేదు. విన్నదంతా సరిగ్గా అర్థమైందో లేదో, నాకు నమ్మాలని ఉండి నమ్ముతున్నానేమో. ఆయనకి తెలియనిదే ఇంకా ఎంతో ఉందని ఆయనే చెప్పాడు. తెలియనిది ఉందని ఒప్పుకున్నాడు కాబట్టి తెలిసింది నిజమే అయ్యుండాలని నాకు నేనే చెప్పుకున్నాను. దేవుడి మీద నమ్మకానికి కూడా ఇంచుమించు ఇలాంటి మెట్ల మీదుగానే ఎక్కి వచ్చాను నేను.

మధ్యాహ్నం అయింది. మా ఆవిడ వసారాలో చాప మీద కూర్చుని పిల్ల బట్టలు మడతపెట్టబోయి, మళ్ళీ చెయ్యి వెనక్కి తీసుకుంటోంది. వాటిని ముట్టుకోవచ్చో లేదో తేల్చుకోలేక. అమ్మాయి గడపకి లోపలివైపు పిల్లని ఒళ్ళో పెట్టుకుని ఉంది. నేను నిలబడే అంతా చెప్పాను. తీగ, తరమడం, వేలెడు లోతు, ఉప్పునీళ్ళు, దువ్వెన, నిప్పుకణిక, దీపం. చెబుతుంటే అమ్మాయి తల వంచుకుంది. ఉయ్యాల వైపు ఒకసారి చూసింది.

మా ఆవిడ అంతా విని, ఎర్ర దారం కట్టిన గ్లాసుని అటూ ఇటూ తిప్పింది.

"ఇదంతా మీకు ఇవాళ తెలిసింది. మొదటి రోజు మీ చెయ్యికి తెలిసిందేంటి మరి?"

నాకు అర్థం కాలేదు.

"బల్ల మీంచి దించారు చూడండి. ఏ చెయ్యి పెట్టారో గుర్తుందా? ముందు పెడచెయ్యి ఆనించారు. ఇక్కడ." తన మోచేతి మీద చూపించింది. "మోటార్ని ముట్టుకున్నట్టే. ఇన్నేళ్ళు కరెంటుతో బతికిన మనిషి. మీకే అనుమానం వచ్చిందంటే ఊరికే రాదనుకున్నాను."

అక్క మాట కాదు, ఖజానా తలుపు కాదు. ఇన్నాళ్ళూ ఆవిణ్ణి వసారాలో కూర్చోబెట్టింది నా చెయ్యి. అది అలవాటేనని చెప్పబోయాను. నిజంగా అలవాటేనా? ఆ తలుపు చూశాక, ఆ గుయ్యిమన్న చప్పుడు విన్నాక, నా ఒంట్లో ఎక్కడో భయం వేసి చెయ్యి దానంతట అదే తిరగబడిందా? ఎంత వెతుక్కున్నా నాకు తెలియలేదు. ఇప్పటికీ తెలియదు.

అందుకని ఆ మాట చెప్పలేదు. వెళ్ళి చాప మీద ఆవిడ పక్కన కూర్చున్నాను. చెయ్యి చాపితే, చెబితే నమ్మరు, అది మళ్ళీ తిరగబడబోయింది. దాన్ని ఆపి, అరచెయ్యి తెరిచి, ఆవిడ మోచెయ్యిని పూర్తిగా పట్టుకున్నాను. వేళ్ళు బిగించాను. కొడితే వదలడానికి వీల్లేకుండా.

ఆవిడ చెయ్యి కాసేపు కర్రలా ఉంది. తర్వాత బరువంతా నా చేతిలో వదిలింది.

"తెలియక చేశానో భయపడి చేశానో నాకు తెలీదే. ఏదైనా తప్పే" అన్నాను.

ఆవిడ ఏడవలేదు. చెవి వెనక కమిలిన చోట కొంగు తగలకుండా సర్దుకుంది.

"సరే చెప్పండి" అంది. "స్విచ్ ఆపాక ఎక్కడికి పోతుంది?"

"ఎక్కడికీ పోదు. వేయకముందు నుంచీ తీగలోనే ఉంటాయి అవి. వేస్తే నడుస్తాయి, ఆపితే నడక మానేసి ఉన్నచోటే ఉంటాయి. నువ్వు రోజూ తోమే రాగిచెంబులో ఉన్నవీ అవే, నాలో ఉన్నవీ అవే, నీలోకి వచ్చినవీ అవే. అన్నీ ఒకటే కాబట్టి బయటివాటిలా మిగల్లేదు. వచ్చి ఇంట్లోవాళ్ళైపోయాయి."

చెబుతూ ఉండగానే నాకనిపించింది, ఎలక్ట్రాన్లన్నిటికీ ఒకే అచ్చు వాడిన దేవుడికి అది బద్ధకం కాకపోవచ్చునని. అంతకు మించి అనుకునే ధైర్యం చేయలేదు.

"ఈ మాత్రం చెప్పడానికా ఇన్నేళ్ళు తీసుకున్నారు?" అంది ఆవిడ.

అమ్మాయి లేచి వచ్చి, గడప దాటి, పిల్లని తల్లి ఒళ్ళో పెట్టింది. మా ఆవిడ చేతులు వెనక్కి పోబోయి, సగం దారిలో ఆగి, ముందుకి వచ్చాయి. బుడంకాయ వెంటనే గ్లాసు అందుకుని ఎర్ర దారాన్ని నోట్లో పెట్టుకుంది. మా ఆవిడ దాన్ని పిల్ల నోట్లోంచి లాగి, ముడి విప్పి, ఉండ చేసి వాకిట్లోకి విసిరేసింది.

రేపు పొద్దున్న ఎన్నింటికి బయల్దేరాలని అడిగింది. ఎప్పుడూ వెళ్ళే వేళకేనని చెప్పాను. పుండు మానుతుందో లేదో ఆ లెక్క ఇంకా మిగిలే ఉంది, అది మా ముగ్గురికీ తెలుసు.

"మరి నా బాకీ?" అన్నాను.

ఆవిడ పిల్ల నెత్తి మీద గడ్డం ఆనించి, నా వైపు చూడకుండానే చెప్పింది.

"చెల్లు వేసేశాలెండి."